పండితునకు భాష్యము, పామరునకు ద్విపద





ఓరుగంటి శివాలయ మంటపమున ఒకనాడు భక్తులు గుమిగూడి పురాణము వినుచుండిరి. కాకతీయ ప్రతాపరుద్రుడు దేవదర్శనమునకు వచ్చి, ఆ సందడిని చూచి, అది యేమని అడిగెను. చెంతనున్న విప్రుడొకడు, అది బసవపురాణమనియు, పాలకురికి సోమనాథుడు క్రొత్తగా కల్పించినదనియు, మధ్యను ప్రాసవళ్లు పెట్టి ద్విపదలో అల్లినదగుటచే ప్రమాణము కాదనియు బదులు చెప్పెను. రాజు ఆ మాట విని తన దారిని వెడలిపోయెను. ఈ వృత్తాంతమును పిడుపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణమున వ్రాసియుంచెను.

ఆ విప్రుని మాటను ఒక్కింత విచారింపవలయును. మంటపమున కూర్చున్నవారు ఏల కూర్చుండిరో, వారి కన్నులు ఏల చెమర్చినవో అతడు తెలిసికొనగోరలేదు. కథలోని భక్తి యెట్టిదో చూడలేదు. కట్టిన బట్ట నేతను మాత్రము పరీక్షించి, ఇది పట్టు కాదని తీర్పు చెప్పెను. పట్టు నేయుట సోమనాథునకు రాదని అతడు తలచియుండవచ్చును.

రాకపోవుట కాదు. సోమనాథుడు సంస్కృతమున శ్రుతిస్మృతి ప్రమాణములను గుదిగ్రుచ్చి సోమనాథభాష్యము రచించిన విద్వాంసుడు. వేదవాక్యములను పట్టుకొని వాదించువారికి వేదవాక్యములతోనే బదులు చెప్పుటకై పుట్టిన గ్రంథమది. తెనుగున అనుభవసారము, చతుర్వేదసారము, చెన్నమల్లు సీసములు వ్రాసెను. వృషాధిపశతకమున బసవేశ్వరుని వృత్తములతో స్తుతించుచు, తెనుగుతో తనివి తీరక సంస్కృతము, కన్నడము, అరవము, మరాఠీ భాషలలోను, మణిప్రవాళమునను పద్యములు చేర్చెను. రగడలు, గద్యలు, ఉదాహరణము అన్నియు ఆ చేతినుండియే వెలువడినవి. ఇన్ని విద్యలు చేతనున్నవాడు బసవేశ్వరుని చరిత్రమును చెప్పదలచినపుడు, ఆ కాలపు పండితులు పాటకు మాత్రమే తగునని యెంచిన ద్విపదను కోరి గ్రహించెను. అది చేతకానితనము కాదు, ఎఱిగి చేసిన నిర్ణయము.

ద్విపద నడక యెట్టిదో బాలబాలికలకొఱకు కొంత చెప్పవలసియున్నది. పాదములు రెండే. ఒక్కొక్క పాదమున ఇంద్రగణములు మూడు, సూర్యగణమొకటి. మూడవ గణము మొదట యతి. రెండు పాదములకు ప్రాస. పాదము ఒక్క ఊపిరిలో ముగియును. ఒకడు ముందు చెప్పగా పదిమంది వెనుక అందుకొనవచ్చును. అక్షరములు రాని ముసలమ్మ కూడ రెండుమూడు మారులు విన్నంతనే అప్పగింపగలదు. శార్దూలమత్తేభములకు ఈ గుణము లేదు. వానిని చదువ నేర్చినవాడు చదువవలె, చెప్ప నేర్చినవాడు అర్థము చెప్పవలె. అనగా శ్రోతకును కథకును నడుమ ఒక మనుష్యుడు నిలిచియుండవలె. ఆ నడిమి మనుష్యుని తొలగించుటయే సోమనాథుని యత్నము.

బసవపురాణము తొలి ఆశ్వాసముననే ఆయన తన ఉద్దేశమును దాచక చెప్పెను. ప్రౌఢమైన గద్యపద్యముల కలగలుపుకంటె, అందఱికిని సామాన్యముగా తెలియు జాను తెనుగు ఇంపైనదనియు, అందుచే ద్విపదగా రచించుచున్నాననియు ఆ మాటల సారాంశము. తెనుగు మాటలేకదా యని చులకన చేయవలదనియు, వేదములతో సమానముగా చూడవలయుననియు కూడ ఆయన హెచ్చరించెను. కొన్ని అక్షరములలో ఎక్కువ అర్థమును ఇముడ్చుటయే కవి వివేకమని ఒక మాట వేసెను. తేలికగా చెప్పుట తేలిక పని కాదని ఎఱిగినవాని మాట యది.

ఇది సోమనాథుని సొంత కల్పనయా? కాదు. వీరశైవ సిద్ధాంతమునందే దీనికి ఆధారము కలదు. లింగమొక్కటియే. అయినను స్థూలశరీరమునకు ఇష్టలింగముగను, సూక్ష్మశరీరమునకు ప్రాణలింగముగను, కారణశరీరమునకు భావలింగముగను గురువు దానిని అనుగ్రహించుచున్నాడు. దీక్షయు మూడు తెఱగులు. కరస్థలమున లింగమునుంచునది క్రియాదీక్ష. చెవిలో ఉపదేశించునది మంత్రదీక్ష. శిరస్సుపై హస్తముంచి భావమున నెలకొల్పునది వేధాదీక్ష. చేయి గ్రహించునది చేతికి, చెవి గ్రహించునది చెవికి, భావము గ్రహించునది భావమునకు. ఒక్క శిష్యునిలోనే మూడు విధముల పాత్రలుండగా, ఒక్క సభలో ఎన్ని యుండవలె! జనులకు అందునట్లు చెప్పుట తక్కువ పనియనువారు, కంటికి కానరాని తత్త్వమును అరచేతికి దించిన ఇష్టలింగమును గూర్చి ఏమందురో తెలియదు.

12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు చేసినదియు ఇదియే. బిజ్జలుని కొలువులో భండారియైన ఆయనకు రాజసభలో మాటలాడు విధము తెలియును. అయినను శరణులతో పలికినది అచ్చమైన కన్నడ వచనములు. గుడి కట్టింపలేని పేదవాడు ఎదుట నిలిచినపుడు, వాని దేహమునే గుడిగా చేసి చూపిన ప్రసిద్ధ వచనము ఎల్లరకు తెలిసినదే. ఆ అనుభవమంటపమునందే పడవ నడుపు అంబిగర చౌడయ్య తన వృత్తి మాటలతో వచనము చెప్పెను. అల్లమప్రభువు, అనుభవము పండినవారికిగాని అంతుచిక్కని మర్మపు మాటలతో చెప్పెను. కన్నడిగులు బెడగు వచనములని పిలుచునవి ఈ రెండవ జాతివే. ప్రభుదేవుని మాట కఠినమని చౌడయ్య నొచ్చుకొనలేదు. చౌడయ్య మాట మోటు అని ప్రభుదేవుడు త్రోసివేయలేదు. ఎవరి మాటకు ఎవరు శ్రోతలో ఆ మంటపమునకు తెలియును.

సోమనాథుడు ఈ మార్గమున ఎంత దూరము పోయెనో తెలియుటకు బెజ్జమహాదేవి కథ యొక్కటి చాలును. శివుడు అజుడని శాస్త్రము. పుట్టుక లేనివాడని దాని అర్థము. పండితుడు ఈ ఒక్క పదముపై పూటంతయు వ్యాఖ్యానింపగలడు. బెజ్జమహాదేవికి వ్యాఖ్యానము తెలియదు. ఆమెకు తెలిసినది ఒక్కటే: పుట్టుక లేనివానికి తల్లి లేదు. భార్యాపుత్రులు కలిగిన దేవరకు తల్లి లేకపోయెనే యని ఆమె మనస్సు కలగినది. జడలు, బూడిద, తోలు, శ్మశానవాసము — శాస్త్రజ్ఞునకు వైరాగ్యచిహ్నములైనవి, ఆమె కంటికి పెంచు దిక్కులేని బిడ్డ పడిన అవస్థలుగా కనబడినవి. ఇక తానే తల్లియై, లింగమూర్తిని బిడ్డగా చేసికొని, తలంటి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలిచ్చి పెంచెను. శివుడును కొంతకాలమునకు ఆమె భక్తిని పరీక్షింపగోరి, గొంతు నొప్పిగల బిడ్డవలె పాలు త్రాగుట మానెను. తల్లి తల్లడిల్లెను. ఆ పిదప ప్రత్యక్షమై అనుగ్రహించెను.

ఈ కథలో తత్త్వమునకు లోపమేమైన జరిగినదా? అజుడను మాటయే తల్లి లేని బిడ్డ యను మాటగా మారినది. అర్థము అణుమాత్రమును తగ్గలేదు. పైగా, బిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని నీళ్లు పోసిన ప్రతి ఇల్లాలికిని తన చేతిపనిలోనే పూజ యున్నదని తెలిసినది. భాష్యము ఆమెకు ఈ మాట చెప్పలేకపోయెడిది.

అయితే సోమనాథుడు సర్వత్ర ఒకే పోకడ పోయెనని తలచుట పొరపాటు. ఆయన రెండవ మహాద్విపద పండితారాధ్యచరిత్రమును చూడుడు. అందు దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని ఐదు భాగములు. ఛందస్సు మొదటినుండి తుదివఱకు ద్విపదయే. కాని చందవోలున వెలనాటి చోడుని సభలో మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధునితో వాదించిన ఘట్టమునకు వచ్చునప్పటికి, ఆ ద్విపద నిండ శ్రుతివాక్యములు, శాస్త్రపరిభాష. అక్కడ కూర్చున్న సభ అట్టిది. శ్రీశైలయాత్రను వర్ణించు పర్వతప్రకరణమునకు వచ్చునప్పటికి ఆ శాస్త్రిగారు ఎటు పోయెనో తెలియదు. తుమ్మెద పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు, నివాళి పదములు పాడుకొనుచు కొండయెక్కు జనము, వారి ఆటపాటలు, సందడి. తెలుగువారి ప్రాచీన జానపద గేయముల పేర్లు కావలసినవారు నేటికిని ఆ ప్రకరణమునే ఆశ్రయించుచున్నారు. ఒకే గ్రంథమున, ఒకే ఛందస్సున, సభ మారగా మాట మారినది. ఉపన్యాసకులకు ఇంతకుమించిన పాఠ్యగ్రంథము లేదు.

ఇచ్చట ఒక ప్రమాదమున్నది. శ్రోతను బట్టి మాటను మార్చుమనగానే, శ్రోతను బట్టి సత్యమును మార్చవచ్చునని కొందఱు గ్రహింతురు. మాట మృదువగుట వేఱు, విషయము మెత్తబడుట వేఱు. ధనవంతుడు ముందు వరుసలో కూర్చున్నాడని కాయకమును గూర్చిన ప్రసంగము దాటవేయుట, కులాభిమానులున్నారని శరణుల సమానత్వమును మింగివేయుట — ఇది పాత్రనెఱిగి వడ్డించుట కాదు, వడ్డించునట్లు నటించి విస్తరిని ఖాళీగా విడుచుట. అల్లయ్య, మధువయ్య అను భక్తుల కన్నులను బిజ్జలుడు తీయించిన ఘోరమును సోమనాథుడు బసవపురాణమున దాచలేదు. ఆయన కాలమున కూడ రాజులుండిరి. రాజు చేసిన క్రూరకర్మను మంటపములలో చదివించుట అంత సుఖమైన పని కాదు. బసవేశ్వరుడే కొలువునకు తగినట్లు తన బోధను కత్తిరించుకొనియుండినచో ఆయన భండారి పదవి స్థిరముగనే యుండెడిది. అప్పుడు ఆయన పేర ఈ పత్రిక యుండెడిది కాదు.

సోమనాథుని ద్విపదకు పిదప పట్టిన గతియు విచారింపదగినదే. ద్విపదను పండితులు ఆదరింపరను వార్తను ఏ పిడుపర్తి సోమనాథుడు మనకు అందించెనో, ఆయనయే ఆ పురాణమును పద్యకావ్యముగా మార్చెను. పద్యము తప్ప చదువనివారి యిండ్లకు కథ పోవలె ననిన పద్యమున పోవలెను. ఇందు తప్పులేదు. కాని పాడుకొనువారి నోట నిలిచినది మాత్రము మొదటిదే యని చెప్పక తప్పదు. కన్నడ భీమకవి 1369లో బసవపురాణమును కన్నడమున రచించినపుడు ద్విపదను వెంట తీసికొనిపోలేదు. కన్నడిగుల చెవికి ఇంపైన షట్పదిని గ్రహించెను. అక్షరమును అనుసరింపక వివేకమును అనుసరించెను గనుక, ఆయనయే సోమనాథునకు సరియైన శిష్యుడు. 1990లో వెల్చేరు నారాయణరావుగారు, జీన్ రోగేర్ గారి సాయముతో, దీనిని ఆంగ్ల వచనమున వెలువరించిరి. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది. గానము పోయినది, కథ నిలిచినది. తెలుగు చదువ నేర్వక పరదేశమున పెరుగుచున్న మన పిల్లలకు ఇప్పుడు బెజ్జమహాదేవి ఆ దారినే దొరకుచున్నది. దొరకుటయే మేలు.

సంగీతమునందును ఇట్టి ఉదాహరణమున్నది. ధారవాడ ప్రాంతమున 1910లో జన్మించిన మల్లికార్జున మన్సూర్ గారు జైపూర్-అత్రౌలీ ఘరానా విద్వాంసులు. అరుదైన రాగములను ఆలపించి, విద్వత్సభలను మెప్పించినవారు. ఆ గాత్రముతోనే ఆయన శరణుల వచనములను పాడిరి. రాగము తెలిసినవారు రాగమునకై వచ్చి వచనము విని పోయిరి. వచనము తెలిసిన రైతులు వచనమునకై వచ్చి రాగము విని పోయిరి. ఇరువురిని ఒకే చాపపై కూర్చుండబెట్టుట అందఱికి సాధ్యము కాదు. మన జంగము కథలు చెప్పు కళాకారులు తంబుర భుజమున నుంచుకొని, ఊరూర రచ్చబండలయొద్ద చేసినదియు కొంత ఇట్టి పనియే. వారి పేర్లు వ్రాసి పెట్టినవారు లేరు.

ఇక నేటి మన మఠములలోని సంగతి. శ్రావణమాస ప్రవచనమున వేదికనెక్కిన ఉపన్యాసకుడొకడు, ఎదుట కూర్చున్నవారు పగలెల్ల చేలలో పనిచేసి వచ్చినవారని తెలిసియు, అంగలింగ సామరస్యము, షట్‌స్థల వివేచనము, మహేశస్థల లక్షణము అని గంటసేపు ధారాళముగా చెప్పును. జనులు భక్తితో నిదురింతురు. మఱియొకడు దీనికి విరుగుడుగా సినిమా కబుర్లతో నవ్వించి, దాతల పేర్లు పొగడి, చప్పట్లు కొట్టించుకొని దిగును. జనులు మేలుకొనియే యుందురు, కాని వెంట తీసికొనిపోవుటకు ఏమియు నుండదు. మొదటివాడు శ్రోతను మఱచెను. రెండవవాడు శ్రోతను తప్ప తక్కినదంతయు మఱచెను. మొదటివానికి క్షమాపణ యుండవచ్చును; అతనికి విద్య కలదు, దించుకొనుట నేర్చినచో బాగుపడును.

పదియేండ్ల మనుమడు, మెడలో లింగమేల తాతా యని అడిగినాడనుకొందము. తాత శివాద్వైతము మొదలుపెట్టినచో వాడు ఆటకు పరుగెత్తును. సంతలో తప్పిపోకుండ అమ్మ కొంగు పట్టుకొందువు గదరా, అట్లే యిది నీ చేతిలోని కొంగు అని చెప్పినచో కొంత నిలుచును. కర్మాగారమున పనిచేయు కుమారునకు కొంగు మాట చెప్పిన నవ్వును. గుడి లేకపోయినను, పూజారి రాకపోయినను, పైకము లేకపోయినను, నీ అరచేతిలో నీవే చేసికొనదగిన పూజ యిది. దీనిని నీకును దేవునికిని నడుమ నెవరును నిలువకుండునట్లు బసవన్న ఇచ్చెను — ఈ మాట అతనికి తగును. తత్త్వశాస్త్రము చదువుచున్న కుమార్తె అడిగినచో, అప్పుడు ఇష్ట ప్రాణ భావ లింగముల వివేచన చెప్పవలె. ఆమెకు కొంగు కథ చెప్పుట ఆమె చదువును అవమానించుటయే. ఇంటిలో ముగ్గురున్నచో మూడు మాటలు సిద్ధపరచుకొనవలసిన తాతకు, సభలో మూడువందలమంది యున్న ఉపన్యాసకునికంటె తక్కువ శ్రమ యేమి?

జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములలో ఈ శ్రమ ఇంకను ఎక్కువ. అవ్వ కన్నడము మాటలాడును, బడిలో తెలుగు, అంగడిలో ఉర్దూ, చుట్టములలో కొందఱికి మరాఠీ. వృషాధిపశతకమున సోమనాథుడు పలుభాషలలో పద్యములేల చెప్పెనో ఆ ఇండ్లవారికి వ్యాఖ్యానము అక్కఱలేదు. ఆ పిల్లలకు ఏ భాషలో ఉపదేశింపవలెనని మఠములవారు నేడు తర్కించుకొనుచున్నచో, అవ్వ నోటిలోని వచనమును ముందు విననిచ్చి, బడి భాషలో అర్థము చెప్పుట ఉత్తమముగా తోచుచున్నది. ఆలస్యము చేసినచో అవ్వయు నుండదు, వచనమును వినబడదు.

ఉపన్యాసకుడు ఎంత జాగ్రత్తపడినను, తానెఱుగని శ్రోత యొకడు సభలో ఎల్లప్పుడు నుండును. బసవపురాణమునందే ముగ్ధభక్తుడైన రుద్రపశుపతి కథ కలదు. ఒకచోట పురాణము జరుగుచుండెను. శివుడు కాలకూట విషమును ఆరగించెనను ఘట్టము వచ్చినది. పురాణము చెప్పువానికి అది శివుని మహిమను చాటు ఘట్టము. ఎన్నిసార్లు చెప్పియుండునో, ఎందఱు విని తలయూచియుందురో. రుద్రపశుపతి మాత్రము దానిని మొదటిసారి వినెను. అతనికి అది మహిమ కాదు, పిడుగువంటి వార్త. విషము త్రాగినవాడు బ్రదుకునా, చెంతనున్నవారు ఒక్కరైనను వారింపరైరా, ఇక నాకు దిక్కెవ్వరని నేలబడి యేడ్చి, శివునికి కీడు వాటిల్లుట వినుటకంటె తానే ముందు చచ్చుట మేలని నీట దిగెను.

శివుడు ప్రత్యక్షమై, తనకేమియు కాలేదనెను. రుద్రపశుపతి నమ్మలేదు. ఆ విషమును ఉమిసివేసినగాని తాను బ్రదుకననెను. ఉమిసినచో లోకములు దగ్ధమగును. అప్పుడు శివుడు అతనికి శాస్త్రము చెప్పలేదు, నీలకంఠ తత్త్వమును విప్పి బోధింపలేదు, పిచ్చివాడని నవ్వలేదు. తన తొడపై కూర్చుండబెట్టుకొని, ఇదిగో కంఠము, నీవే కనిపెట్టి చూచుచుండుమనెను. విషము ఏమాత్రము క్రిందికి దిగినను తాను పొడుచుకొని చత్తునని కత్తి చేతబట్టి, ఱెప్పవేయక అతడు ఆ కంఠమును నేటికిని చూచుచునే యున్నాడట.